మునిగిన లోయను మళ్లీ కట్టడం: వర్చువల్ రియాలిటీ బోధనపై ఒక విమర్శ



కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే లేని ఊరు ఎదుట నిలుస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యమూ అటే తిరుగుతుంది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటున్నాం. చరిత్ర పాఠానికి ఇంతకు మించిన సాధనం లేదని కొందరంటారు. ఇది వట్టి ఆటవస్తువని మరికొందరు కొట్టిపారేస్తారు. మెచ్చుకోలూ తిరస్కారమూ రెండూ విమర్శ కావు. కట్టిన లోకానికి ఆధారమేమిటి, అది చూసేవారికి ఏం నేర్పుతోంది అని అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది. అలా అడగడానికి తగిన ఉదాహరణ మన పల్నాడులోనే ఉంది. అదే నాగార్జునకొండ.

1. రాయి ఉంది, చోటు లేదు

కృష్ణ ఒడ్డున, కొండల నడుమ ఉన్న లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లింది. దాని శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. నాగార్జునసాగర్ నిర్మాణంతో లోయ మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదా, జలాశయం ఒడ్డున అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. ఆ కొండే ఇప్పుడు నీటి మధ్య ద్వీపం.

అనుపులో మెట్ల వరుసల మధ్యనున్న రంగస్థలాన్ని చూసినవారు అది మొదటినుంచీ అక్కడే ఉందనుకోవచ్చు. ఆ నిర్మాణం నిజమే, చోటు మాత్రం మారింది. విహారం నుంచి నది ఎంత దూరం, ఏ కొండ నీడ ఎటు పడేది, జనం ఏ దారిన నడిచేవారు అన్న సంగతులు అనుపులో దొరకవు. ఒక నగరాన్ని నగరంగా చేసే ఆ సంబంధాలన్నీ నీటి అడుగున ఉన్నాయి.

2. చోటు ఉంది, రాయి లేదు

వర్చువల్ లోకం బలం సరిగ్గా ఇక్కడే ఉంది. తవ్వకాలలో గీసిన పటాలను, కొలతలను కంప్యూటర్‌లో పరిస్తే ప్రతి కట్టడాన్నీ దాని పాత చోట నిలపవచ్చు. విద్యార్థి లోయలో నడిచి దూరాలను గ్రహిస్తాడు. అచ్చుపుస్తకం ఈ అనుభవాన్ని ఇవ్వలేదు.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. మహాచైత్యం పునాది చక్రం ఆకారంలో ఉందనడానికి తవ్వకమే సాక్ష్యం. పైనున్న అండం ఎంత ఎత్తో చెప్పాలంటే, అక్కడే దొరికిన శిల్పఫలకాల్లో చెక్కిన స్తూపాలను చూసి ఊహించాలి. మండపాలకు రాతి స్తంభాలు మిగిలాయి, కలపతో చేసిన పైకప్పులు మిగల్లేదు. మెట్ల రంగస్థలంలో జరిగినవి సంగీత నాట్యాలా, మల్లయుద్ధాలా అన్న విషయంలో పండితులకే ఏకాభిప్రాయం లేదు. పుస్తక రచయిత ‘బహుశా’ అని రాసి ముందుకు సాగగలడు. దృశ్యం కట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతడు కప్పు వేయాలి, రంగు పూయాలి, రంగస్థలం మీద ఎవరో ఒకరిని నిలబెట్టాలి. తెలిసినదీ ఊహించినదీ ఒకే నిగనిగతో కనబడితే విద్యార్థి రెండింటినీ ఒకేలా నమ్ముతాడు.

అందుకే నా విమర్శ సూత్రం ఇది: అతుకు కనబడని పునర్నిర్మాణం ఎంత అందంగా ఉన్నా మంచి పాఠం కాదు. దొరికిన భాగాన్ని ఒక రంగులో, ఊహను పలుచని మరో రంగులో చూపాలి. ఒక మీట నొక్కితే పైకప్పు తొలగిపోయి స్తంభాలే మిగలాలి. కంప్యూటర్ పునర్నిర్మాణాలలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో నమోదు చేయాలని 2009 నాటి లండన్ చార్టర్ కూడా కోరింది.

3. చూపించడమా, కట్టించడమా

కట్టిన లోకంలో తిరిగినవాడు ప్రేక్షకుడు. కట్టడానికి కూర్చున్నవాడే విద్యార్థి. ‘ఈ స్తంభాలు ఎంత బరువు మోయగలవు? కప్పు వాలు ఎటు?’ అన్న ప్రశ్నలు కట్టేటప్పుడే పుడతాయి. దీనికి ఖరీదైన పరికరాలు తప్పనిసరి కాదు. ఒక వస్తువును చుట్టూ తిరుగుతూ, ఒకదానిమీద ఒకటి కొంత కలిసేలా ఫొటోలు తీస్తే, వాటిలోని ఉమ్మడి బిందువులను పోల్చి సాఫ్ట్‌వేర్ త్రిమితీయ రూపాన్ని తయారుచేస్తుంది. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని సరిదిద్దవచ్చు. ముందు మీ ఊరి గుడి ముందున్న రాతిస్తంభంతో మొదలుపెట్టండి. రక్షిత కట్టడాల దగ్గర మాత్రం పురావస్తు శాఖ అనుమతి నియమాలు తెలుసుకోండి.

4. రెండో మునక

వర్చువల్ లోకాలూ మునుగుతాయి. తరగతి గదులకోసం వచ్చిన గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021లో ఆగిపోయింది. జనం కలుసుకునే ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చిలో మూతపడింది. వాటిలో పాఠాలు అల్లుకున్న ఉపాధ్యాయులకు కాళ్ల కింద నేల పోయినట్టయింది. నాగార్జునకొండ తవ్వకందారులకు ముంపు ముందే తెలుసు కాబట్టి కొలతలు, పటాలు, ఫొటోలు మిగిల్చారు. మీరూ అదే పద్ధతి పాటించండి. మూల ఫొటోలను, కొలతలను, నిర్ణయాల జాబితాను మీ దగ్గర విడిగా భద్రపరచండి. వేదిక పోయినా పాఠం మిగులుతుంది.

5. ఏ కాలపు లోయ?

చివరగా ఒక ప్రశ్న. లోయను తిరిగి కట్టమంటే మనం వెంటనే మూడో శతాబ్దానికి వెళ్లిపోతాం. 1950లలో అదే లోయలో ఇళ్లూ పొలాలూ ఉండేవి. జలాశయం కోసం అక్కడివారు ఊళ్లు విడిచారు. రాజుల విజయపురిని మాత్రమే కట్టి వీరి లోయను వదిలేస్తే అదీ ఒక నిర్ణయమే. ఆ నిర్ణయాన్ని కూడా అతుకులాగే కనబడనివ్వాలి. రాళ్లను విప్పి ఎత్తుకెళ్లగలిగారు కానీ, ఊరి జ్ఞాపకాలను అలా ఎత్తుకెళ్లడం కుదరదు. అవి పెద్దల నోటనే మిగిలి ఉన్నాయి.

అభ్యాసం

మీ ప్రాంతంలో ముంపువల్లో, రోడ్డు విస్తరణవల్లో మాయమైన ఒక చోటును ఎంచుకోండి. దాన్ని ఎరిగిన ఇద్దరు పెద్దల మాటలు వేర్వేరుగా రాసుకోండి. కాగితం మీద పటం గీసి, ఇద్దరూ చెప్పినదాన్ని నల్ల సిరాతో, ఒక్కరే చెప్పినదాన్ని నీలి సిరాతో, మీ ఊహను పెన్సిల్‌తో చూపండి. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆ తర్వాతే.