బూర నోరు ఎవరి వైపు?

2025లో గణతంత్ర దినము ఆదివారమునాడు వచ్చెను. ఆ సాయంకాలము మా వల్లూరు ప్రాంతపు గ్రామ దేవాలయమొకదానిలో ఆర్గను, ట్రంపెట్లతో దేశభక్తి సంగీత కూటము జరుగగా నేను పోయి వింటిని. కీబోర్డులో ఆర్గను స్వరము పెట్టి ఒక యౌవనుడు వాయించెను. పెండ్లి బ్యాండులో వాయించు అన్నదమ్ములిద్దరు ట్రంపెట్లు పట్టిరి. సంఘము నిండుగా కూడివచ్చెను. అయితే నా కన్ను మొదట లౌడ్‌స్పీకరు మీద పడెను. దాని నోరు సంఘము వైపు లేదు, వీధి వైపు ఉండెను.

దాని కారణము మీకును నాకును తెలియును. మనది పరదేశుల మతమని ఎవరో అనిన మాట మన చెవిలో ముల్లువలె నిలిచియున్నది. కాబట్టి మేమును ఈ దేశపు బిడ్డలమేయని బూర ఊది చాటవలెనని మనకు తోచును. ఆ తొందర వాద్యములోనికి కూడ వచ్చెను. జనగణమన వాయించుటకు సుమారు 52 సెకండ్లు చాలును. ఆ సహోదరులు చివరి జయధ్వనిని మరల మరల సాగదీయగా, లేచి నిలిచిన ముసలివారు కూర్చుండవచ్చునో లేదో తెలియక ఒకరి మొగమొకరు చూచుకొనిరి. గురజాడ అప్పారావు గారి దేశభక్తి గేయమునకు అంతకంటె ఎక్కువ నష్టము కలిగెను. దేశాభిమానమును నోటితో డంబముగా చెప్పుకొనవద్దు, ఏదైన మేలు చేసి జనులకు చూపుమని కవి అందులో హెచ్చరించెను. మాటలు తీసివేసి బూరతో గట్టిగా ఊదగా, ఆయన వద్దన్నదే మిగిలెను!

బూర ఊదుట తప్పని నేననను. సంఖ్యాకాండము 10వ అధ్యాయము తీసి చూడుడి. మోషే చేయించిన వెండి బూరలు రెండు. సమాజమును పిలుచుటకును, దండు కదలుటకును, పండుగకును, యుద్ధమునకును అవియే. యుద్ధములో ఊదుట శత్రువును బెదరించుటకని మనమనుకొందుము. అక్కడ చెప్పబడిన హేతువు వేరు: దేవుడు తన జనులను జ్ఞాపకము చేసికొనవలెననియే.

పరదేశియను నింద వాద్యములకును తప్పలేదు. హార్మోనియము ఐరోపాలో పుట్టినది. అది మన రాగములకు తగదని రేడియోవారు 1940లో దానిని నిషేధించి, 1971లో గాని ఆ కట్టడి సడలింపలేదు. ఆ ముప్పది యేండ్లును పల్లె భజనలలో, నాటకములలో, మన ఆరాధనలలో అది మ్రోగుచునే యుండెను. తాను ఈ నేలదాననని రుజువు చూపుటకు అది గొంతు పెంచలేదు. అంతయేల, 1919లో ఠాగూరు గారు మదనపల్లెలో బసచేసినప్పుడు జనగణమనకు స్వరలిపి కూర్చుటలో తోడ్పడినది ఐర్లండు దేశస్థురాలైన మార్గరెట్ కజిన్సు గారు.

నాకు మిక్కిలి నచ్చినది చివరిది. హెన్రీ లైట్ గారు 1847లో వ్రాసిన 'అబైడ్ విత్ మీ' సాయంకాల కీర్తన గాంధీగారికి ప్రియమైనది. జనవరి 29న ఢిల్లీలో గణతంత్ర వేడుకలు ముగియునప్పుడు సైనిక బ్యాండులు దానిని ఏండ్ల తరబడి వాయించి, 2022లో మానివేసినవి. ఆ నొప్పితోనే వీరు దానిని ఎంచుకొనిరేమో, నేనడుగలేదు. పెదవులు అలసినవో యేమో, పెద్దవాడు మైకు నుండి తొలగి, బల్ల వైపు తిరిగి, ఒక్కడే మెల్లగా ఊదెను. ఆర్గను తగ్గెను. చాపల మీద కూర్చున్న స్త్రీలు నోరు విప్పకయే రాగము తీసిరి. వీధిలోనికి ఏమియు వినబడియుండదు. ఆ రాత్రి దేశము కొరకైన ప్రార్థన నేను విన్నది అప్పుడే.

బయటికి వచ్చుచు సంఘపెద్దతో, "వచ్చే యేట ఆ లౌడ్‌స్పీకరును లోపలికి త్రిప్పుదమా?" అంటిని.

"వీధివారు వినవద్దా, అయ్యగారూ?" అని ఆయన అడిగెను.

నాకు వెంటనే జవాబు దొరకలేదు.