పొరపొరకూ ఒక దిద్దుబాటు

జపాన్ వారి చుట్టిన ఆమ్లెట్ తమగోయాకిని అడ్డంగా కోస్తే లోపల సన్నని పసుపు పొరలు కనిపిస్తాయి. వాటిని అలంకారమనుకుంటే ఆ వంటలోని తెలివి మనకు అందదు. గిలకొట్టిన గుడ్డునంతా ఒకేసారి మందంగా పోస్తే అడుగు గట్టిపడేసరికి పైభాగం పచ్చిగానే ఉంటుంది. పైభాగం ఉడికేదాకా ఆగితే అడుగు మాడుతుంది. అందుకే జపాన్ వంటవారు గుడ్డును కొద్దికొద్దిగా పోస్తారు. పల్చని పొర సగం గట్టిపడగానే చుట్టి పెనం చివరికి నెడతారు. దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టు, మడిచిన కాగితంతో మళ్లీ నూనె రాసి, ఇంకాస్త గుడ్డు పోస్తారు. చుట్టను కొంచెం ఎత్తి ఆ గుడ్డు కిందికి కూడా పారేలా చూస్తారు. తడి ఆరని పై పొర తర్వాతి చుట్టుకు అతుక్కుంటుంది; లోపలి పొరలు పెనానికి దూరమై, మిగిలిన వేడితోనే మెల్లగా మగ్గుతాయి.

ఈ పద్ధతి వల్లే గుడ్డులో దాషి కలపడం సాధ్యమైంది. కోంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన చేప తురుము వేసి తీసే పల్చని రసమే దాషి. అది కలిసిన గుడ్డు అంత బిగుసుకుపోదు, మెత్తగా ఉంటుంది. మామూలు అట్టులా తిరగేయబోతే మాత్రం చిరుగుతుంది. క్యోటో, ఒసాకా వైపు ఈ రసం ఎక్కువగా పోసి, రంగు మారనివ్వకుండా చుడతారు. టోక్యో వైపు చక్కెర వేసి తియ్యగా చేస్తారు. చక్కెర త్వరగా మాడుతుంది కనుక అక్కడ మంట మీద మరింత శ్రద్ధ కావాలి. గుడ్డు వంటల మీద ఈ మక్కువ కొత్తది కాదు. 1785లోనే జపాన్‌లో ప్రధానంగా గుడ్డు వంటకాలతో ఒక పుస్తకం అచ్చయింది.

ఇదంతా చేయి తిరిగినవారి పని, పైగా లోపల కళాయి పూసిన నలుచదరపు రాగి పెనం కావాలి కదా అని అభ్యంతరం రావచ్చు. సుషీ దుకాణాల్లో పనితనాన్ని ఈ వంటతో అంచనా వేసే మాట నిజమే. కానీ జపాన్‌లో పిల్లల మధ్యాహ్నపు డబ్బాలోకి ఇళ్లలో రోజూ చేసేదీ ఇదే. నలుచదరపు పెనం అంచులను తిన్నగా ఉంచుతుంది, అంతే. గుండ్రని పెనంలోనూ రెండు పక్కలా లోపలికి మడిచి చుట్టవచ్చు. వేడిగా ఉండగానే వెదురు చాపలో బిగించి కాసేపు ఉంచితే ఆకారం కుదురుకుంటుంది. చేపలు తినని వారికి ఒక్క కోంబుతో తీసిన రసం చాలు. పొరలు ఎక్కువైతే పొరపాట్లు ఎక్కువవుతాయన్నదీ సరికాదు. లోపలి పొర చిరిగితే తర్వాతిది దాన్ని కప్పేస్తుంది. చివరి పొర ఒక్కటి నున్నగా వస్తే చాలు.

కొత్తవారికి ఇంతగా దిద్దుకునే అవకాశమిచ్చే వంటలు అరుదు. కాబట్టి మూడు గుడ్లతో, మధ్యస్థమైన మంట మీద మొదలుపెట్టండి. మొదటి చుట్టు చిరిగిందని స్టవ్ ఆపేయకండి. నూనె రాసి, రెండో పొర పోయండి.