పల్నాటి కథలో వెలనాటి అరణం – బ్రహ్మనాయుని పాత్రకు ఒక పునర్విచారణ

బ్రహ్మనాయుని గూర్చిన విమర్శ చిరకాలంగా రెండు కొసల నడుమ ఊగుతున్నది. చాపకూటిలో అన్ని కులాలవారినీ కూర్చుండబెట్టి, మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించిన సంస్కర్త అని కొందరు. దాయాదుల నడుమ చిచ్చు రగిల్చిన మంత్రి అని కొందరు. ఉభయపక్షాలూ దృష్టిని మాచర్ల, గురజాలలకే పరిమితం చేసికొన్నవి. కథకు మూలమైన చిక్కు తూర్పున, సముద్రతీరాన ఉన్నది.

బాపట్ల, రేపల్లెల నడుమనున్న చందవోలు నేడొక గ్రామం. 12వ శతాబ్దిలో అది వెలనాటి చోడుల రాజధాని. ఆ ఇంటి ఆడపడుచు మైలమదేవిని అనుగురాజు పెండ్లాడగా పల్నాడు అరణంగా లభించినదని వీరగాథా సంప్రదాయం. ఆమె కుమారుడు నలగామరాజు. మలిదేవుడు సవతితల్లి వీరవిద్యాదేవి సంతానం. కాగా నలగామునికి పల్నాడు తండ్రి రాజ్యమే కాదు, తల్లి తెచ్చిన సొత్తు కూడా. మలిదేవునికి తండ్రి వైపు హక్కు మాత్రమే ఉన్నది. ఈ భేదాన్ని పట్టించుకొనక నాగమ్మ కుతంత్రమే యుద్ధకారణమనడం కథను మరీ చిన్నబుచ్చడమే.

శ్రీనాథునిదిగా ప్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన మంజరీద్విపద కావ్యం ప్రధానంగా బాలచంద్రుని యుద్ధానికి సంబంధించినది. అరణం ముచ్చట విప్పిచెప్పునది వీరవిద్యావంతులు పాడే కథాచక్రం. చదువరులు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని విడిచినందుననే బ్రహ్మనాయుని సంకటం మరుగున పడినదని నా అభిప్రాయం.

ఆయన అనుగురాజుకు మాట ఇచ్చిన మంత్రి. కుమారులందరూ ఆయనకు ప్రభుపుత్రులే. రాజ్యం పంచి మలిదేవాదులకు మాచర్ల ఇప్పించడంలో ధర్మబుద్ధి ఉన్నది. అరణపు హక్కును సగానికి కోసిన సాహసమూ ఉన్నది. కోడిపందెంలో ఓడి ఏడేండ్లు వలసపోవుటకు ఆయన అంగీకరించినది ఈ బలహీనత ఎరిగినందుననే కాదా? గడువు తీరిన పిమ్మట కూడా ఆయన ముందుగా కత్తి దూయలేదు, నలగామునికి అల్లుడైన అలరాజునే రాయబారిగా పంపినాడు. ఆ అలరాజు విషప్రయోగానికి బలికాగా సంధికి దారి మూసుకొన్నది.

కార్యమపూడి రణభూమిలో కుమారుడు బాలచంద్రుడు నేలకొరిగిన తరువాత, గెలిచిన బ్రహ్మనాయుడు రాజ్యాన్ని తిరిగి నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలంలో ప్రవేశించినాడు. విమర్శకులు దీనిని వైరాగ్యంగా కొనియాడినారు. వైరాగ్యమే ప్రధానమైనచో రాజ్యాన్ని ఎవరికి విడిచినా సరిపోయెడిది. మైలమదేవి కుమారునికే ఇచ్చుటలో చందవోలు హక్కును అంగీకరించడం ఉన్నది. అప్పటికి పోరినవారిలో ఆ అంగీకారాన్ని వినవలసిన వీరులు మిగిలినది బహుస్వల్పం.