మందు మింగితే బహుమానమా?

హెచ్.ఐ.వి. మందులు తప్పకుండా వేసుకునే రోగులకి డబ్బులిస్తే ఎలా ఉంటుందన్న చర్చ ప్రజారోగ్య పరిశోధకుల్లో చాలాకాలంగా నడుస్తోంది. దీన్ని మేం కొట్టిపారెయ్యటం లేదు. పేదల చేతికి నాలుగు డబ్బులొస్తుంటే వద్దనే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ డబ్బుని ఏ పేరుతో, ఏ షరతు మీద, ఎవర్ని అనుమానిస్తూ ఇస్తున్నారన్నదే మా ప్రశ్న.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికాలో, నల్లజాతివాళ్ళూ లాటినోలూ ఎక్కువగా ఈ జబ్బున పడ్డ బ్రాంక్స్‌లోనూ వాషింగ్టన్‌లోనూ జరిగిన హెచ్.పి.టి.ఎన్. 065 అధ్యయనం 2017లో అచ్చయింది. వైరస్ అదుపులో ఉందని రక్తపరీక్షలో తేలినవాళ్ళకి మూడు నెలలకోసారి 70 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు. ఇవ్వనిచోట్లతో పోలిస్తే వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు 3.8 శాతం పాయింట్లే ఎక్కువ. టాంజానియాలోని షిన్యాంగాలో 530 మందితో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. అక్కడ పరీక్ష ఫలితం అడగలేదు. నెలనెలా క్లినిక్కుకి వస్తే చాలు, ఆర్నెల్లపాటు 10,000 గానీ 22,500 గానీ షిల్లింగులిచ్చారు. చికిత్సలో నిలిచి వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు డబ్బివ్వని జట్టులో 73 శాతం, తక్కువ మొత్తం జట్టులో 83, ఎక్కువ మొత్తం జట్టులో 86 శాతం.

రెండు దేశాల అంకెల్ని పక్కపక్కన పెట్టి తూకం వెయ్యలేం. కానీ షిన్యాంగా లెక్కనే జాగ్రత్తగా చదవండి. డబ్బు రెట్టింపు దాటినా ఫలితం పెరిగింది మూడు పాయింట్లే. ఆశ చూపించటమే పనిచేస్తే, ఆశ పెరిగేకొద్దీ ఫలితమూ అంతగా పెరగాలి గదా! దారిఖర్చుకీ తిండికీ అడ్డుపడ్డ లోటు కొంత తీరింది, మనిషి క్లినిక్కుకి రాగలిగాడు. మా చదువు ఇది. బ్రాంక్స్ పద్ధతిలోనైతే మందుకి వైరస్ లొంగనివాడికీ, ఇల్లులేక మందు తప్పినవాడికీ కార్డు దక్కదు. అందరికంటే అవసరమున్నవాడే ఉత్తచేతుల్తో పోతాడు.

'ప్రోత్సాహకం' అన్న మాటలోనే ఒక తీర్పుంది. రోగికి బద్ధకం, బాధ్యత తెలీదు, ఆశపెడితేగానీ దారికి రాడు. ఈ తీర్పు మాకు కొత్తగాదు. వాడల గురించి ఊరు ఎప్పుడూ చెప్పే మాటే ఇది.

మన దగ్గర ఉచిత ఏ.ఆర్.టి. 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మందు ఉచితమే. కానీ దూరాన ఉన్న కేంద్రానికి పోయి వరసలో నిలబడ్డ కూలిమనిషికి ఆ రోజు కూలి పోతుంది, బస్సుఛార్జీ అదనం. 2022లో మందుల కొరత మీద రోగులు ఢిల్లీలో నాకో కార్యాలయం ముందు నెలకి పైగా ధర్నా చేశారు. మందు మానితే రోగిది తప్పు. మందే ఇవ్వకపోతే అది ఎవరి తప్పు? ఆ తప్పుకి కోత పడే కార్డు ఎవరి దగ్గరుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఆర్.టి. మందుల మీదున్నవాళ్ళకిచ్చే పింఛను 2024లో నెలకి 4,000 రూపాయలైంది. దాన్ని బహుమానమనలేదు, పింఛనన్నారు. ఈ తేడా చిన్నదిగాదు. పింఛను కోసం అడగొచ్చు, ఆగితే నిలదియ్యొచ్చు. బహుమానానికి చేతులు కట్టుకోవాలి. అయితే పింఛను ఏ పద్దు కిందొస్తుందో నలుగురికీ తెలిస్తే వాడలోని ఆడమనిషి బతుకేం గావాలి? అంటరానితనం మీద ఇంకో అంటరానితనం పడుతుంది. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం రోగి అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టకూడదంటోంది. డబ్బు చేరే పద్ధతి కూడా ఆ చట్టానికి లోబడే ఉండాలి.

డబ్బివ్వండి. కూలిపోయిన రోజుకి పరిహారంగా, దారిఖర్చుగా, తిండిగా ఇవ్వండి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసి కాదు, మనిషికి ఎంత లోటుందో చూసి ఇవ్వండి. అంతకుముందు మందు ఆగకుండా చూడండి. క్రమశిక్షణ ముందు అక్కడ కావాలి.