ఏమియు జరుగని దినము

కుమ్మరి నేర్పు కుండలో కనబడును. నేతగాని నేర్పు బట్టలో కనబడును. మంచముపట్టిన వృద్ధులను కనిపెట్టుకొని యుండువారి నేర్పు మాత్రము జరుగకుండ పోయిన కీడులయందు దాగి యుండును. పుండుపడని వీపు, పొలమారని ముద్ద, క్రింద పడకుండ గడచిన రాత్రి, ఇవియే వారి చేతిపనులు. ఏమియు జరుగలేదు గనుకనే, ఆ దినమున చేయదగిన పనియు నంతగా లేకుండెనని గృహస్థులు తలంతురు.

మా అత్తగారు పక్షవాతమువలన కుడిప్రక్క స్వాధీనము తప్పి, పిమ్మట జ్ఞాపకశక్తియు సన్నగిల్లి, హైదరాబాదులో మా యింట మంచమున నుండిన కాలమున, ఆమెను కనిపెట్టుటకు వచ్చిన యొక మధ్యవయస్కురాలి పనిని దగ్గరనుండి చూచు భాగ్యము నాకు కలిగెను. అందరును ఆమెను ఆయమ్మ యని పిలిచెడివారు. ఆమెకు పెద్ద చదువు లేదు. కాని ఆమె చేతులకు తెలిసిన సంగతులు మా యింటి చదువరులలో నొక్కరికిని తెలియవు.

రెండు గంటల కొకమారు రోగిని ఒత్తిగిలజేయవలెనని వైద్యుడు చీటిలో వ్రాసి యిచ్చెను. ఒత్తిగిలజేయుట యనగా పూర్తిగ ప్రక్కకు త్రిప్పుట కాదు. అట్లు త్రిప్పినచో బరువంతయు తుంటియెముకపై పడును. ఆయమ్మ వీపు వెనుక దిండు నుంచి, దేహమును సుమారు 30 డిగ్రీల వాలున మాత్రమే నిలిపి, పిక్కల క్రింద మరియొక దిండు చేర్చి, మడమలు పరుపును తాకకుండ నుంచెడిది. తలగడవైపునకు జరుపవలసి వచ్చినపుడు చంకలు పట్టి లాగరాదనియు, క్రింద పరచిన దుప్పటితో నిరువురు చేరి యెత్తవలెననియు మాకు నేర్పినది. లాగినచో పైచర్మ మొకవైపు, లోని మాంస మొకవైపు సాగి, కంటికి కనబడని గాయ మేర్పడును. ఎఱ్ఱబడినచోట వ్రేలితో నొక్కి విడిచి, ఆ యెఱుపు తెల్లబడి మరల వచ్చుచున్నదా, లేక చెదరక నిలిచియున్నదా యని చూచెడిది. చామనచాయ మేనిపై ఎఱుపు తేటగ తెలియదు గనుక, చేతి వెనుకవైపున తాకి వేడిమిని, వ్రేలికొసలతో గట్టిదనమును పరీక్షించెడిది.

1962 లో డోరీన్ నార్టన్ అను ఆంగ్ల నర్సు తన సహచరులతో కలిసి వృద్ధరోగుల పరిచర్యను పరిశోధించి, దేహస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రములపై స్వాధీనము అను అయిదింటికి మార్కు లిచ్చి, పుండుపడు ప్రమాదమును ముందుగ గుర్తించు కొలమానము నొకదానిని ప్రకటించెను. మొత్తము 20 మార్కులలో 14 గాని, అంతకు తక్కువ గాని వచ్చినవారిని విశేషముగ కాపాడుకొనవలెను. మా ఆయమ్మ ఆ పేరు విని యుండదు. అయినను ప్రతి యుదయమున దుప్పటి తొలగించినంతనే ఆ యయిదింటిని ఆమె కన్నులు చదివెడివి.

అన్నము తినిపించుట తల్లియైన ప్రతి స్త్రీకిని తెలిసినదే యని మన మనుకొందుము. పక్షవాతము సోకిన గొంతు పసిపాప గొంతు వంటిది కాదు. ఆయమ్మ మా అత్తగారిని నిటారుగ కూర్చుండబెట్టి, గడ్డమును కొంచెము క్రిందికి వంపించి, తాను ఎదుట పీటపై కూర్చుండి, చెంచాను క్రిందినుండి అందించెడిది. నిలుచుండి తినిపించినచో రోగి తల పైకెత్తును, పైకెత్తిన తలతో మ్రింగిన ముద్ద శ్వాసనాళము దారి పట్టవచ్చును. గ్రుక్క దిగినదని గొంతు కదలికవలన తెలిసికొన్న పిదపనే రెండవ చెంచా. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకు లేవేని నిలిచినవేమో చూచుట, జావకంటె పలుచని నీటియెడలనే యెక్కువ భయపడుట, మాటలో తడిసిన గరగర వినబడినంతనే చెంచా దించివేయుట, తిన్న యరగంట వరకు పడుకొననీయకుండుట, ఇవన్నియు న్యుమోనియాను గడప దాటనీయని కావలులు. దగ్గు రాకుండగనే ఆహారము ఊపిరితిత్తులలోనికి జారువారు కలరు. కావున దగ్గు వచ్చువరకు వేచియుండుట కాపాడుట కానేరదు.

ఇక మనస్సును కాపాడు విద్య వేరు. సాయంకాలమగుసరికి మా అత్తగారు "ఇంటికి పోదాం" అని తొందరపడెడివారు. "ఇదే గదమ్మా మన ఇల్లు" అని మేము సరిదిద్దబోయిన కొలదియు ఆమె కలవరము హెచ్చెడిది. ఆయమ్మ వాదించెడిది కాదు. "పోదాం మామ్మగారూ, ముందు కాస్త జావ తాగండి. మీ ఇంటి అరుగు ఏ వైపుంటుందండీ?" అని యడుగగనే, ఆ వృద్ధురాలు అరుగు, బావి, పెరటిలోని బాదంచెట్టు చెప్పుకొనుచు శాంతించెడివారు. ఆ కోరిక యింటిని గూర్చినది కాదనియు, భద్రమైన కాలము నొకదానిని గూర్చినదనియు ఆమె గ్రహించినది. ఆ శాంతము నెఱిగినది గనుకనే, ఒకనాడు అత్తగారు మునుపెన్నడు లేని రీతిని మగతగా నుండి, తమవారి నెవరిని గుర్తింపకపోగా, "ఇది మతిమరుపు కాదండీ, నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడా రాదు, మూత్రం చూపించండి" అని పట్టుపట్టినది. వైద్యుడు పరీక్షింపగా మూత్రనాళమున సూక్ష్మజీవులు సోకినట్లు తేలెను. వృద్ధులలో నీ వ్యాధి జ్వరముకంటె ముందుగ కలవరపాటుగ కనబడుట కలదు. దినదినము చూచు కన్నే ఆ తేడాను పట్టగలదు.

ఇట్టివారిని మనము ఓర్పుగలవారని ప్రశంసింతుము. ఆ ప్రశంస నిజమే గాని సగము నిజము. ఏ యెముక యెచ్చట నొత్తునో ఓర్పు చెప్పజాలదు. చచ్చుబడిన చేతికి రవికె మొదట తొడిగి, విప్పునపుడు ఆ చేతినుండి చివరగ తీయవలెనని దయ యొక్కటియే నేర్పజాలదు. విద్యను సద్గుణమని పిలిచినంతకాలము దానికి తగిన జీతము నీయక తప్పించుకొనుట మనకు సులభమగుచున్నది. పండ్రెండు గంటల కాపుదల చేసి నడుము పట్టుకొని లేచు నా స్త్రీకి కూడ తన యూరిలో ఒక తల్లియో, అత్తయో ఉండును.

2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున 60 ఏండ్లు నిండినవారు పదికోట్లకు మించియుండిరి. తల్లిదండ్రులను పోషింపని సంతానమునుండి భృతి నిప్పించుటకు 2007 లో చట్టము వచ్చినది. భృతి అవసరమే, దూరదేశములనుండి బిడ్డలు పంపు పైకము అవసరమే, అయితే పైకము తనంత తాను రోగిని ఒత్తిగిలజేయదు. ఆ పైకమునకు చేతులు కావలెను, ఆ చేతులకు శిక్షణము కావలెను, వారమున కొకనాడు విశ్రాంతి కావలెను, నేర్పునుబట్టి పెరుగు వేతనము కావలెను.

ఇంటివారు చేయదగిన పని యొకటి రేపే ప్రారంభింపవచ్చును. కనిపెట్టుకొని యుండు స్త్రీని "తిన్నదా?" అని మాత్రమే యడుగక "ఎట్లు తిన్నది?" అని యడుగుడు, ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమువలన ఆమె విద్య యెంతటిదో మీకు తెలియును. వైద్యుడు వచ్చినపుడు ఆమెను వంటయింటికి పంపక, మంచముప్రక్కనే కుర్చీ వేసి కూర్చుండబెట్టి, రోగి స్థితినిగూర్చిన మొదటి మాట ఆమెనే చెప్పనిండు.