వేడర్ ఒంటిచేతి కత్తి

ఫోర్స్ అనే అతీంద్రియ శక్తి మెండుగా ఉన్నవాడు కత్తియుద్ధంలోనూ గెలుస్తాడా? స్టార్ వార్స్ అభిమానులు ఎడతెగకుండా వాదించుకునే ఈ ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’. ఇర్విన్ కెర్ష్‌నర్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా ఈ జవాబును మాటల్లో చెప్పదు. బెస్పిన్ మేఘనగరంలో కథానాయకుడు ల్యూక్, ప్రతినాయకుడు డార్త్ వేడర్ తలపడే తీరులో చూపిస్తుంది.

శిక్షణ సగంలో వదిలేసి వచ్చిన ల్యూక్ ముందుగా తన కాంతికత్తి వెలిగిస్తాడు. వేడర్ మెట్ల పైనే నిలబడి, ఒంటిచేత్తో ఆ దెబ్బలు కాచుకుంటాడు. కాసేపటికే ల్యూక్ చేతిలో కత్తి ఎగిరిపోతుంది, తను మనుషుల్ని గడ్డకట్టించే గోతిలో పడతాడు. మరుక్షణం పైకెగిరి గొట్టాలు పట్టుకు వేలాడతాడు, పడిపోయిన కత్తిని దూరం నుంచే చేతిలోకి రప్పించుకుంటాడు. ఇక్కడి పనితనం చూడండి: ఫోర్స్‌తో ల్యూక్ చేసినవన్నీ ఫలించాయి, అయినా అవి అతనికి ఊపిరి తీసుకునే వ్యవధిని మాత్రమే ఇచ్చాయి. కత్తి తిప్పే నేర్పు ఇంకా రాలేదు.

వేడర్ దగ్గర రెండూ ఉన్నాయి. తర్వాతి గదిలో అతను ఒక్క అడుగు కదలకుండా గోడలకున్న యంత్రాలను ఊడబెరికి విసురుతాడు. ల్యూక్ ఏ వైపు కాచుకోవాలో తెలియక తల్లడిల్లి, పగిలిన కిటికీలోంచి బయటికి కొట్టుకుపోతాడు. చివరికి ఇరుకు వంతెన మీద వేడర్ విరుచుకుపడతాడు. ల్యూక్ కత్తి అతని భుజానికి తగులుతుంది. ఆ తర్వాత వేడర్ ల్యూక్ కుడిచెయ్యి నరికేస్తాడు.

ఇద్దరి మధ్య ఈ తేడా తెరమీద నమ్మకంగా పండటానికి కారణం బాబ్ ఆండర్సన్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఫెన్సింగ్ చేసినవాడు. వేడర్ ఆకారం డేవిడ్ ప్రౌజ్‌ది, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ఆ ముసుగు వెనక కత్తి పట్టింది మాత్రం యాభై దాటిన ఈ ఫెన్సర్. ఒక్క వృథా కదలిక లేని ఆ పొదుపు ఏళ్ల సాధనతో వచ్చేది. సినిమా కథ చెబుతున్నదీ అదే కనుక, అతన్ని ఎంచుకోవడం ఎంత సరైన నిర్ణయమో అనిపిస్తుంది.

ఇదే సినిమాలో ల్యూక్‌కు శిక్షణ ఇచ్చే యోడా బురదలో మునిగిన విమానాన్ని చెయ్యి చాచి పైకి లేపుతాడు, కత్తి ముట్టుకోడు. 2002 నాటి ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’లో అతని చేతికి కత్తి ఇచ్చి గిరగిరా తిప్పించేసరికి ఫోర్స్‌కూ కత్తినేర్పుకూ మధ్య గీత చెరిగిపోయింది. అది నాకు నష్టంగానే తోస్తుంది.

వీలైతే బెస్పిన్ పోరాటాన్ని శబ్దం ఆపేసి ఒకసారి చూడండి. వేడర్ రెండో చెయ్యి కత్తి పిడి మీదకు ఎప్పుడు వస్తుందో గమనించండి.