జీనుల గదిలో ఒక రాత్రి: స్టైన్‌బెక్ కూలీల స్నేహం, ఒంటరితనం

పదిహేనేళ్ళ కిందట మా ఊరి సాహిత్య గోష్ఠిలో జాన్ స్టైన్‌బెక్ గురించి మాట్లాడుతూ నేనొక తీర్పు చెప్పాను. 1936లో 'ఇన్ డ్యూబియస్ బ్యాటిల్' రాసి సమ్మెను నవలకు వస్తువుగా చేసుకున్న రచయిత, 1937లో 'ఆఫ్ మైస్ అండ్ మెన్' రాసి ఒక అడుగు వెనక్కి వేశాడన్నాను. మొదటిదాంట్లో వర్గం ఉంది, రెండోదాంట్లో వ్యక్తులే మిగిలారన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. వెనక బెంచీలో కూర్చున్న రిటైరైన మిల్లు కార్మికుడొకాయన లేచాడు. రెండు నవలల్లో ఏదీ ఆయన చదవలేదు, నేను చెప్పిన కథే విన్నాడు. "మాస్టారూ, ఆ సమ్మె చేసినవాళ్ళలో ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలుసా?" అనడిగాడు. ఏదో చెప్పి కూర్చున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఈ వ్యాసం ఆయనకు నేను బాకీపడ్డ జవాబు.

'ఆఫ్ మైస్ అండ్ మెన్' కథ చాలామందికి తెలిసిందే. జార్జ్, లెన్నీ అనే ఇద్దరు కూలీలు కాలిఫోర్నియాలో సోలెడాడ్ దగ్గరి రాంచ్‌కు బార్లీ బస్తాలు మొయ్యడానికి వస్తారు. లెన్నీ ఏనుగంత మనిషి, బుద్ధి పసిపిల్లవాడిది. ఎప్పటికైనా కాస్త నేల కొనుక్కుని కుందేళ్ళు పెంచుకుంటూ బతకాలన్నది వాళ్ళ కల. లెన్నీ చేతుల్లో యజమాని కోడలు ప్రాణం పోతుంది. వేటాడి వస్తున్న గుంపుకు దొరక్కముందే జార్జ్ తన చేతులతోనే లెన్నీని కాల్చేస్తాడు. గురువారం సాయంత్రం మొదలైన కథ ఆదివారం సాయంత్రానికి ముగిసిపోతుంది.

దీన్ని 'మానవ సహజమైన ఒంటరితనం' గురించిన కథ అనడం విశ్వవిద్యాలయ విమర్శకు అలవాటైపోయింది. సోలెడాడ్ అంటే స్పానిష్‌లో ఒంటరితనమే, జార్జ్ ఎప్పుడు చూసినా ఒక్కడూ ఆడుకునే పేకాటే ఆడుతుంటాడు, నిజమే. కాని ఈ ఒంటరితనం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. పని దొరికిన చోటికి దుప్పటి మూట భుజాన వేసుకుని పోవడం, నెలకు యాభై డాలర్లు సంపాదించడం, పట్నంలో ఒక రాత్రి తగలేసి మళ్ళీ ఇంకో రాంచ్ వెతుక్కోవడం: ఇంతే వాళ్ళ బతుకు. ఇద్దరు కలిసి తిరుగుతున్నారంటేనే అక్కడ వింత. లెన్నీ తరఫున జార్జ్ మాట్లాడుతుంటే, వీడి జీతం నువ్వు మింగుతున్నావా అని యజమాని అనుమానిస్తాడు. స్నేహానికి ఆ రాంచ్‌లో ఉన్న ఒకే ఒక్క వివరణ మోసం. వ్యవస్థ గురించి ఇంతకు మించి ఉపన్యాసం ఏం కావాలి?

ఇక్కడొక మాట. ఈ కూలీలను పాలమూరు కూలీతో పోల్చి చూపించే వ్యాసాలు నేనూ చదివాను, ఒకటి నేనే రాశాను. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పెళ్ళాంబిడ్డలతో, ఊరివాళ్ళతో గుంపుగా వెళ్ళే మనిషి కష్టం ఒకరకం. పక్క మంచం మీద పడుకున్నవాడి ఊరు కూడా తెలియని మనిషి కష్టం ఇంకోరకం. పేదరికం రెండుచోట్లా ఉంది కదా అని ఒంటరితనం కూడా ఒకటే అనడం బద్ధకం.

నవలలో స్నేహం విస్తరించే ఘట్టాలు రెండున్నాయి. శుక్రవారం రాత్రి కార్ల్‌సన్, ముసలి కాండీ కుక్కను బయటికి తీసుకుపోయి లూగర్ పిస్తోలుతో కాల్చేస్తాడు. కుక్క ముసలిది, కంపు కొడుతోంది, పనికి రాదు. కాండీ కూడా ముసలివాడే, ఒక చెయ్యి పోయినవాడే. ఆ రాత్రే అతను జార్జ్, లెన్నీల కల చాటుగా విని నోరు విప్పుతాడు. చేతికి పరిహారంగా వచ్చిన రెండువందల యాభై, దాచుకున్న యాభై, నెలాఖరుకు రావలసిన యాభై కలిపి మూడువందల యాభై డాలర్లు తెస్తానంటాడు. నేల ఖరీదు ఆరువందలు. అప్పటిదాకా నిద్రపుచ్చే కథలా ఉన్నది చటుక్కున లెక్కగా మారిపోతుంది. తెగిన చెయ్యే మూలధనం అయింది. ఇంత చేదు నిజాన్ని స్టైన్‌బెక్ ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు.

రెండో ఘట్టం శనివారం రాత్రి. నా దృష్టిలో నవలకు గుండెకాయ ఇదే. కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళంతా పట్నం పోయారు. రాంచ్‌లో మిగిలినవాళ్ళు ఎవరు? బుద్ధి ఎదగని లెన్నీ, చెయ్యి లేని కాండీ, గుర్రం తన్ని నడుం వంగిపోయిన నల్లజాతి కూలీ క్రుక్స్. క్రుక్స్‌కు అందరితోపాటు పడుకునే హక్కు లేదు. గుర్రపుశాలను ఆనుకున్న జీనుల గదిలో ఒక్కడూ ఉంటాడు. అతని పుస్తకాల్లో నలిగిపోయిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ఉంది. తన హక్కులు కాగితం మీద ఎక్కడున్నాయో వెతుక్కున్న మనిషి అతను. లెన్నీ గదిలోకి వస్తే మొదట పొమ్మంటాడు. తరవాత జార్జ్ తిరిగి రాకపోతే ఏం చేస్తావని లెన్నీని ఏడిపించి, ఆ బాధలో తన బాధ చూసుకుంటాడు. ఒంటరివాడు మంచివాడై ఉంటాడన్న భ్రమ స్టైన్‌బెక్‌కు లేదు. కాండీ వస్తాడు. ఇన్నేళ్ళుగా ఒకేచోట పని చేస్తూ ఈ గది గడప తొక్కడం అతనికి అదే మొదటిసారి. డబ్బు నిజంగానే ఉందని తెలిశాక క్రుక్స్ మెల్లగా అంటాడు, తిండి పెడితే చాలు, జీతం లేకుండా వచ్చి పని చేస్తానని. రంగు గీసిన గీత కొద్ది నిమిషాలపాటు చెరిగిపోయింది. సంఘం అనే మాట ఎవరూ అనలేదు గాని, ఆ రాత్రి ఆ గదిలో ఉన్నది దాదాపు అదే.

దాన్ని విరగ్గొట్టింది యజమాని కాదు, అతని కోడలు. ఆమెకూ మాట్లాడే దిక్కు లేదు. సినిమాలో వేషం ఇప్పిస్తామన్న మాటను ఇంకా మోసుకు తిరుగుతున్న మనిషి. వీళ్ళు పొమ్మనేసరికి, చెట్టుకు వేలాడదీయిస్తానని క్రుక్స్‌ను బెదిరిస్తుంది. చాలు. క్రుక్స్ మళ్ళీ తనలోకి ముడుచుకుపోతాడు, వస్తానన్నది వేళాకోళానికే అనుకోమని కాండీతో చెప్పేస్తాడు. అణచబడ్డవాళ్ళ చేతికి అందే ఆయుధం తమకంటే కిందివాళ్ళ మీదే పనిచేస్తుందన్నది ఇక్కడ చూడవలసిన విషయం. అయితే ఈ స్త్రీకి నవలంతటా పేరే లేదు. మగ కూలీల పేర్లు తెలిసిన రచయిత ఆమెను భర్త పేరుతోనే పిలిచాడు. నాటకంలో ఆ పాత్ర వేసిన నటి క్లేర్ లూస్‌కు 1938లో ఉత్తరం రాసి, ఆమె చెడ్డది కాదని వివరించవలసి వచ్చింది. పుస్తకంలో చాలినంత చెప్పి ఉంటే ఉత్తరం అక్కరలేదు.

ఆ గదిలో ఇదంతా జరుగుతుంటే జార్జ్ పట్నంలో ఉన్నాడు. కల అందరికంటే విశాలమైన క్షణాన్ని, ఆ కల కట్టినవాడు చూడలేదు. తిరిగొచ్చాక వీళ్ళకెందుకు చెప్పారని చిరాకు పడ్డాడు కూడా. ఈ చిన్న వివరమే నా పాత తీర్పును తలకిందులు చేసింది. లెన్నీ చేసిన పని తెలిశాక కాండీ ప్రాధేయపడతాడు, మనిద్దరమైనా వెళ్దామా అని. లెక్క వేసి చూడండి. కాండీ మూడువందల యాభై ఎక్కడికీ పోలేదు. తగ్గింది లెన్నీ కూలి యాభై డాలర్లే. ఇంకొక నెల పని చేస్తే పూడుతుంది. అయినా జార్జ్ ఒప్పుకోడు, అందరిలాగే నెల జీతం పట్నంలో తగలేస్తానంటాడు. కల కూలడానికి పేదరికం ఒక్కటే కారణమైతే ఈ చోటు అర్థం కాదు. జార్జ్ దృష్టిలో కాండీ డబ్బు తెచ్చినవాడు. క్రుక్స్ ఆ మాత్రం కూడా కాదు. అతని స్నేహం ఇద్దరితో ఆగిపోయింది, ఒకరు పోగానే దానికి మిగిలిన చోటు లేదు.

చివరి కాల్పు గురించి ఒక్క మాట. దాన్ని కరుణ అంటారు, కాదనను. గుంపు చేతిలో పడితే లెన్నీకి పట్టే గతి మనకు తెలుసు. కాని కుక్కను చంపిన లూగరే అది, కార్ల్‌సన్ దగ్గర ఎత్తుకొచ్చింది. పనికిరానిదాన్ని తొలగించడం రాంచ్ నీతి. ఆ పని ఇప్పుడు స్నేహితుడి చేతులతో జరిగింది. యజమాని చెయ్యి మాసిపోలేదు.

ఇక 'ఇన్ డ్యూబియస్ బ్యాటిల్'. ఆపిల్ తోటల కూలీల సమ్మె, దాన్ని నడిపే మాక్, కొత్తగా చేరిన జిమ్. మాక్ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. అతను దేన్నీ వృథా పోనివ్వడు. ముసలివాడు నిచ్చెన మీంచి పడితే అది ఆందోళనకు పనికొస్తుంది. సహచరుడు జాయ్ శవం పనికొస్తుంది. చివరికి ప్రాణంలా చూసుకున్న జిమ్ మొహం తుపాకి గుండుకు లేకుండా పోతే, ఆ శవాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, లాంతరు దగ్గరకు తెప్పించి, కూలీలతో ప్రసంగం మొదలుపెడతాడు. నవల అక్కడే ఆగిపోతుంది. 'పనికొస్తుందా' అన్న ప్రశ్న ఇక్కడ కూడా ఉంది. రాంచ్‌లో యజమాని తరఫున అడిగారు, ఇక్కడ సమ్మె తరఫున అడిగారు. రెండూ ఒకటేనని నేననను, అలా అనేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ ఉద్దేశమూ వేరే. కాని మిల్లు కార్మికుడు అడిగింది ఇదే. ఆ గుడారాల్లో జీనుల గది లేదు. ఒక నవలలో సంఘటన లేని స్నేహం ఉంది, రెండోదాంట్లో స్నేహానికి తీరిక లేని సంఘటన ఉంది. ఏడాది తేడాతో రాసిన ఈ రెండు పుస్తకాలనూ విడదీసి మార్కులు వెయ్యడం నేను చేసిన పొరపాటు.

రచయిత పరిమితి కూడా చెప్పాలి. 1933లో కాలిఫోర్నియా పత్తి చేలలో సమ్మె చేసినవాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్లు. 1934లో స్టైన్‌బెక్ సొంత ఊరు సాలినాస్‌లో లెట్యూస్ తోటల్లో ఫిలిపినో కూలీలు సమ్మె చేశారు. ఈ రెండు నవలల్లోనూ వాళ్ళు కనిపించరు. కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చిన 1935 నాటి వాగ్నర్ చట్టం వ్యవసాయ కూలీలను బయట వదిలేసింది. కాలిఫోర్నియాలో వాళ్ళకా హక్కు చట్టంలోకి రావడానికి 1975 దాకా పట్టింది. అప్పటికి క్రుక్స్ దగ్గరున్న సివిల్ కోడ్‌కు డెబ్భై ఏళ్ళు నిండాయి.

శనివారం రాత్రి అందరూ వెళ్ళిపోయాక క్రుక్స్ మంచం మీద కూర్చుని, చొక్కా వెనకవైపు ఎత్తుకుని, నడుముకు మందు రాసుకుంటాడు. చెయ్యి అందినంత మేరకే.